కొర్రమీనుకు కాలవ చేప పెట్టొచ్చా?

తవుడు, వేరుశనగ చెక్క కలిపి సంచుల్లో నింపి, అడుగున రంధ్రాలు పొడిచి చెరువులో కర్రలకు కడితే బొచ్చెలు, శీలావతులు వాటంతట అవే వచ్చి తింటాయి. కొర్రమీను ఆ సంచి దగ్గరకు కూడా రాదు. పూమేను రాదు, పండుగప్ప రాదు, వాలుగ రాదు. ఇవన్నీ కదిలే ప్రాణిని పట్టి మింగే జాతులు. పొట్ట పెద్దది, పేగు పొట్టి. పిండి పదార్థాన్ని అరిగించుకునే శక్తి తక్కువ. వీటికి మాంసకృత్తులు కావాలి, అవి జంతువు నుంచి వస్తే మరీ మంచిది.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్ మార్కెట్లలో దాని కోసం జనం బారులు తీరతారు. పండుగప్ప కృష్ణా, పశ్చిమ గోదావరి తీర మండలాల్లో రొయ్యల చెరువులు ఖాళీ పడినచోట వేసుకునే చేప. రెండూ కార్పు చేపల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర పలుకుతాయి. అందుకే టార్పాలిన్ తొట్ల నుంచి పది ఎకరాల చెరువుల దాకా వీటి పెంపకం విస్తరిస్తోంది. పెంచాలనుకున్న ప్రతి ఒక్కరికీ మొదటి నెలలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. వీటికి ఏం పెట్టాలి?

ఊళ్లలో చేతికందే సమాధానం కాలవ చేప. మావుల్లో పడ్డ పరిగెలు, దోమతెర వలకు చిక్కిన చిరుచేపలు, పొలం గట్ల మీది నత్తలు, వానాకాలం కప్పలు, హార్బర్‌లో అమ్ముడుపోక మిగిలిన చిల్లర చేప. ‘వాగులో ఉన్నా అది తినేది ఇదే కదా’ అనేది దీని వెనకున్న వాదం. వినడానికి సబబుగానే ఉంటుంది. చేపల ఆరోగ్యం, నీరు, ఖర్చు, ఆ చిరుచేపలు తినే మనుషులు, ఇలా అన్ని వైపుల నుంచీ ఈ వాదాన్ని పరీక్షించి చూస్తే మాత్రం నిలబడదని నా అభిప్రాయం. కాలవ నుంచి తెచ్చిన పచ్చి మేత అప్పుడప్పుడు, జాగ్రత్తగా వాడుకోదగ్గ వస్తువే. దాని మీదే ఆధారపడి పెంపకం సాగించడం మాత్రం రైతుకూ చెరువుకూ ఊరికీ నష్టం.

వాగులోని కొర్రమీను పొద్దున ఒక చేపను మింగితే సాయంత్రం దాకా గడ్డి చాటున కదలకుండా ఉండగలదు. ఇవాళ పరిగె, రేపు రొయ్య, ఎల్లుండి కప్పపిల్ల, మధ్యలో నీటి పురుగులు. వాటిలో ఒకటి జబ్బుదైనా ఆ జబ్బు ఒక్క చేపతో ఆగిపోవచ్చు. చెరువులో అలా ఉండదు. వేల చేపలు ఒకే మూలన మూగుతాయి. ఒకే కాలవ నుంచి, ఒకే బుట్టలో, రోజూ ఒకే రకం వచ్చి పడుతుంది. తిండి అదే అయినా అది అందే తీరు పూర్తిగా మారిపోయింది. వాగులో చేప వెతుక్కుంటుంది, చెరువులో మనం ఏరి పెడతాం. ఏరి పెట్టేవాడి మీద బాధ్యత ఉంటుంది.

ఆ బుట్టను ఒకసారి దగ్గరగా చూడండి. పైన తళతళలాడే పరిగెలు. వాటి మధ్య రెండు మూడు జెల్లలు, ముళ్లు నిక్కబొడుచుకుని ఉంటాయి. వెన్ను మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి. జెల్ల ప్రమాదాన్ని పసిగట్టగానే ఆ ముళ్లను బిగిస్తుంది, చచ్చినా అవి ముడుచుకోవు. మింగిన చేప గొంతులో అడ్డం పడితే అది బయటికీ రాదు, లోపలికీ పోదు. ఒక పరిగెను తిప్పి చూస్తే రెక్క మొదట్లో గోధుమరంగు చుక్క లాంటిది కనిపిస్తుంది. గోటితో గీకితే అది పక్కకు పాకుతుంది. అదే చేపపేను. మరో చేప పొలుసుల మధ్య నుంచి సన్నని దారప్పోగు వేలాడుతుంటుంది. అది లెర్నియా, లంగరు పురుగు, తల కండలో దిగబడి ఉంటుంది. బుట్ట అడుగున బురద, కాలవ గడ్డి, నీటి నల్లులు. ఇదంతా ఒక్క కుదుపుతో చెరువులో పడుతుంది. కొర్రమీను పరిగెను మింగేలోపే పేను ఈదుకుంటూ పోయి మరో చేపను పట్టుకుంటుంది.

కంటికి కనిపించేవి ఇవి. కనిపించనివి ఇంకా చిక్కైనవి. క్లైనోస్టోమం అనే పరాన్నజీవి నత్తలో పెరిగి, నీటిలోకి వచ్చి, చేప కండలో పసుపుపచ్చ తిత్తిగా కూర్చుంటుంది. ఆ చేపను కొంగ తింటే కొంగ గొంతులో పెద్దదై గుడ్లు పెడుతుంది. కాలవ నుంచి బతికున్న నత్తలను తెచ్చి చెరువులో వేసే రైతు ఈ చక్రంలో మొదటి మెట్టును స్వయంగా తెచ్చి పెడుతున్నట్టే. కొంగలు ఎలాగూ గట్టు మీద ఉండనే ఉన్నాయి. గ్నాథోస్టోమా అనే మరో పురుగు కొర్రమీను జాతి చేపల కండలో ఉండి, పచ్చిగానో సగం ఉడికించో తిన్న మనిషి చర్మం కింద తిరుగుతుంది. థాయ్‌లాండ్‌లో అది బాగా తెలిసిన జబ్బు. మనం పులుసు బాగా మరిగించి తింటాం కాబట్టి మనకు ఆ భయం తక్కువ. చెరువులోని కొర్రమీనుకు మరిగించి పెట్టేవాళ్లు ఎవరూ లేరు.

పుండ్ల జబ్బు సంగతి పాత రైతులకు బాగా గుర్తుంటుంది. 1988లో అది ఈశాన్య రాష్ట్రాల మీదుగా మన దేశంలోకి వచ్చింది. అఫనోమైసిస్ అనే నీటి బూజు దానికి మూలం. ఒంటి మీద ఎర్ర మచ్చతో మొదలై, కండ దాకా తినేసే పుండుగా మారుతుంది. చలికాలంలో నీరు చల్లబడినప్పుడు విజృంభిస్తుంది. దానికి ఎక్కువగా బలైనవాటిలో కొర్రమీను, మట్టగిడస, పరిగె ముందు వరసలో ఉంటాయి. అంటే కొర్రమీనుకు మేతగా తెచ్చే చేపకూ, దాన్ని తినే కొర్రమీనుకూ ఒకే జబ్బు వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కాలవ చేపను పచ్చిగా చెరువులో వేయడం ఈ ఒక్క కారణానికే మానుకోవాలి.

మేత ద్వారా జబ్బు పాకిన ఉదాహరణల్లో నాకు అన్నిటికంటే బలంగా అనిపించేది అమెరికా పసిఫిక్ తీరపు సాల్మన్ల కథ. అక్కడి హేచరీల్లో గుడ్లు తీశాక మిగిలిన పెద్ద సాల్మన్ల మాంసం, పేగులు రుబ్బి పచ్చిగా పిల్లలకు పెట్టేవారు. ఖర్చు లేదు, వ్యర్థం లేదు. 1950లలో పరీక్షిస్తే ఆ పిల్లల్లో, అవి పెరిగి సముద్రం నుంచి తిరిగొచ్చినప్పుడు వాటిలో, చేపల క్షయ విపరీతంగా కనిపించింది. పెద్ద చేప నుంచి పిల్లకు, ఆ పిల్ల పెద్దదయ్యాక మళ్లీ దాని మాంసం నుంచి తరువాతి పిల్లకు, ఏళ్ల తరబడి జబ్బు తిండిలోనే తిరిగింది. మేతను వేడి చేసి పెట్టడం మొదలుపెట్టాక అది తగ్గింది. మందు వేయలేదు, టీకా వేయలేదు. పొయ్యి మీద పెట్టారు, అంతే.

ఆస్ట్రేలియా కథ ఇంకా పెద్దది. పోర్ట్ లింకన్ దగ్గర సముద్రంలో వల పంజరాల్లో పెంచే సూరలకు విదేశాల నుంచి దిగుమతి చేసిన గడ్డకట్టిన పిల్చర్డ్ చేపలు వేసేవారు. 1995లోనూ 1998లోనూ దక్షిణ ఆస్ట్రేలియా నీళ్లలో మొదలై దేశపు దక్షిణ తీరం వెంట వేల కిలోమీటర్ల దూరం అడవి పిల్చర్డ్‌లు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. హెర్పిస్ జాతి వైరస్ కారణమని తేలింది. అది దిగుమతి మేతతోనే వచ్చిందని రుజువు కాలేదు గానీ, శాస్త్రవేత్తల అనుమానం మాత్రం మొదటి నుంచీ అటువైపే ఉంది. మేతగా వేసిన చేప తిన్న చేపను ఏమీ చేయకపోయినా, చుట్టుపక్కల నీళ్లలోని సాటి చేపను చంపగలదన్న హెచ్చరిక అందులో ఉంది.

జబ్బు లేని శుభ్రమైన చేప దొరికిందనుకుందాం. అప్పుడూ ఒక చిక్కు మిగిలే ఉంటుంది. 1930లలో మిన్నెసోటాలో నక్కలను బొచ్చు కోసం పెంచే ఒక ఫారంలో పచ్చి కార్పు చేపలు తిన్న నక్కలు కాళ్లు పడిపోయి చచ్చిపోయాయి. పరిశోధిస్తే కార్పు శరీరంలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉందని, అది తిండిలోని బి1 విటమిన్‌ను విరగ్గొడుతుందని బయటపడింది. కార్పు కుటుంబంలో చాలా జాతుల్లో, హెర్రింగ్, నెత్తళ్ల వంటి కొన్ని సముద్ర చేపల్లో ఇది ఉంటుంది. మన పరిగెలూ ఆ కార్పు కుటుంబానివే. వారాల తరబడి అలాంటి చేపే తింటే వేటచేపకు ఆకలి మందగిస్తుంది, ఒళ్లు నల్లబడుతుంది, ఈదుతూ ఈదుతూ తూలుతుంది, చివరికి సుడి తిరుగుతూ పోతుంది. రైతు నీటిలో ఏదో కలిసిందనుకుని సున్నం చల్లుతాడు. లోపం మేతలో ఉందని తట్టదు.

‘వాగులో తినేదే కదా’ అనేవారికి ఇక్కడ ఒక జవాబుంది. ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్‌లోకి ఏల్‌వైఫ్ అనే థయమినేజ్ ఉన్న చిరుచేప బయటి నుంచి వచ్చి విపరీతంగా పెరిగింది. అక్కడి లేక్ ట్రౌట్‌లు దాన్నే ప్రధానంగా తినసాగాయి. వాటి గుడ్లలో బి1 తగ్గి, పొదిగిన పిల్లలు ఈదలేక చచ్చాయి. అవి పెంపుడు చేపలు కావు. స్వేచ్ఛగా, అడవి నీటిలో, తమ వేట తామే వేటాడుకున్నవి. తిండి ఒకే రకానికి కుదించుకుపోతే సహజమైన నీటిలో కూడా ఇదే జరుగుతుంది.

సముద్రపు చిల్లర చేపల్లో కవ్వళ్ల వంటి నూనె చేపలది మరో సమస్య. ఐసు సరిగా లేకుండా హార్బర్‌లో ఒక పూట, లారీలో ఒక రాత్రి గడిపేసరికి కొవ్వు ముక్కిపోతుంది. ముక్కిన కొవ్వు చేప ఒంట్లోని ఇ విటమిన్‌ను హరిస్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

గడ్డకట్టిస్తే సరిపోతుందా? సగం పనే అవుతుంది. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు ఉంచితే పురుగులు చస్తాయి. బాక్టీరియా, వైరస్‌లలో చాలామటుకు బతికే ఉంటాయి. థయమినేజ్ చలికి నశించదు, ఫ్రీజర్‌లో కూడా నెమ్మదిగా పని చేసుకుంటూ పోతుంది. వేడి ఒక్కటే పురుగునూ సూక్ష్మజీవినీ ఎంజైమ్‌నూ కలిపి అణచగలదు. కాబట్టి కాలవ చేపను పెట్టక తప్పని పరిస్థితి వస్తే బుట్టను ఏరి, జెల్లలు తీసేసి, మంచినీటిలో కడిగి, బాగా ఉడకబెట్టి, విటమిన్ మిశ్రమం కలిపి, చేపలు అప్పటికప్పుడు తినేటంతే వేయాలి. మిగిలింది నీటిలో ఉండకూడదు.

ఈ చివరి మాట కొర్రమీను రైతులు మరీ గట్టిగా పట్టించుకోవాలి. పచ్చి చేప మునుగుతుంది. ఎంత తిన్నాయో పైకి తెలియదు. మిగిలింది అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. పండుగప్ప అయితే ఆ తెల్లవారే చచ్చి తేలి సంగతి చెబుతుంది. కొర్రమీను చెప్పదు. పైకి వచ్చి గాలి మింగి బతికేస్తుంది. నీరు చెడినా చేపలు బతికే ఉన్నాయి కదా అని రైతు ధీమాగా ఉంటాడు. ఆ చెడ్డ నీటిలో చర్మం పాడై, ఆకలి తగ్గి, ఎదుగుదల ఆగి, చివరికి పట్టుబడి నాడు బరువు చూసినప్పుడు అసలు నష్టం తెలుస్తుంది.

ఇక ఖర్చు లెక్క. మెకాంగ్ డెల్టాలో చిరుచేపలతో కొర్రమీను పెంచే రైతులకు కిలో పెరుగుదలకు 4 నుంచి 4.5 కిలోల చిరుచేప పడుతుందని అక్కడి అనుభవం. మంచి గుళికల మేత కిలోన్నర లోపే సరిపోతుంది. చూడగానే గుళిక గెలిచినట్టుంది గానీ ఆ పోలిక సరైనది కాదు. పచ్చి చేపలో ముప్పాతిక వంతు నీరే. 4 కిలోల చేపలో ఎండు పదార్థం కిలో మాత్రమే. మాంసకృత్తులుగా చూస్తే 4 కిలోల చిరుచేపలో దాదాపు 700 గ్రాములు, 42 శాతం మాంసకృత్తులున్న కిలో 400 గ్రాముల గుళికలో దాదాపు 590 గ్రాములు. తేడా ఉంది, కానీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత లేదు. పైగా గుళికలోనూ చేపపొడి ఉంటుంది. అందులో నాలుగో వంతు చేపపొడి అనుకుంటే, కిలో పొడికి నాలుగున్నర కిలోల పచ్చి చేప లెక్కన, ఆ గుళికల వెనక కూడా కిలోన్నర పైగా చేప ఉన్నట్టే. అంటే గుళిక సముద్రం మీద భారం వేయనిదేం కాదు. ఆ భారాన్ని సగానికంటే తక్కువకు దించుతుంది. నిజమైన లాభం అక్కడుంది. ఏడాది పొడుగునా ఒకే నాణ్యతతో దొరకడం ఇంకో లాభం. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చిల్లర చేప మీద ఆధారపడిన పండుగప్ప రైతు సరిగ్గా ఎండాకాలంలో, చేప బాగా తిని ఎదిగే రోజుల్లో, మేత కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

కంబోడియా ఈ ప్రశ్నను దేశం మొత్తానికి వేసుకుంది. టోన్లే సాప్ సరస్సు చిరుచేపలు అక్కడి పేదల రోజువారీ కూర, ఏడాదంతా నిల్వ ఉండే పులియబెట్టిన చేపముద్దకూ అవే. వాటిని కొర్రమీను పంజరాలకు మేతగా తరలిస్తున్నారని 2004లో ప్రభుత్వం కొర్రమీను పెంపకాన్నే నిషేధించింది. నిషేధంతో పెంపకం పూర్తిగా ఆగలేదు, చిరుచేపలు సరిహద్దు దాటి వియత్నాం పంజరాలకు పోయాయి. తరువాత పరిశోధకులు స్థానిక కొర్రమీను పిల్లలకు గుళికలు అలవాటు చేసి చూపించారు. 2016లో నిషేధం ఎత్తేశారు. నిషేధం చేయలేని పనిని పిల్లకు తిండి అలవాటు చేయడం చేయగలిగింది.

మన దగ్గర ఆ నిషేధం లేదు గానీ, ప్రశ్న ఉంది. పరిగె, మోలా లాంటి చిరుచేపలను తలతో, ముల్లుతో సహా తింటాం. సున్నం, ఇనుము, ఎ విటమిన్ వాటిలో పెద్ద చేపల కంటే ఎక్కువ. బంగ్లాదేశ్‌లో మోలా వంటి చిరుచేపల మీద చేసిన కృషికి శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. కొల్లేటి లంకల్లో, తెలంగాణ చెరువు కింది పల్లెల్లో కిలో కొర్రమీను కొనలేని ఇల్లు గుప్పెడు పరిగెలతో పులుసు పెట్టుకుంటుంది. దోమతెర వలతో కాలవను ఊడ్చేస్తే ఆ గుప్పెడూ పోతుంది. పెరగాల్సిన శీలావతి, బొచ్చె పిల్లలూ అందులోనే పోతాయి. 4 కిలోల పేదవాడి కూరను కిలో డబ్బున్నవాడి కూరగా మార్చడం నాకు బాధ కలిగించే విషయం. పెంపకందారుల మీద నాకు కోపం లేదు. వాళ్లకు వేరే దారి చూపించాల్సినంత గట్టిగా ఎవరూ చూపించలేదు.

కప్పల విషయం ఒక్క మాటలో తేల్చవచ్చు. పొలాల్లో పురుగులు తినే కప్పలను సంచుల కొద్దీ పట్టేస్తున్నారనే 1987లో కప్పకాళ్ల ఎగుమతిని దేశం నిషేధించింది. అదే కప్పను చెరువు మేతకు పట్టడం కూడా మానాలి. కాలవ చేప దొరకనప్పుడు కోడి వ్యర్థాల వైపు మళ్లడం అంతకంటే చెడ్డ పని. నీరు కుళ్లుతుంది, చుట్టుపక్కల ఊళ్లు వాసన భరించలేవు, ఆ చేపంటేనే జనానికి ఏవగింపు పుడుతుంది.

మరి దారి ఏది? పండుగప్పకు ఒక మధ్యేమార్గం చాలాకాలంగా ఉంది. చెరువులోనే ముందుగా తిలాపియా వేసి, అవి పిల్లలు పెట్టాక పండుగప్ప పిల్లలను వదలడం. మేత బయటి నుంచి రాదు, బయటి జబ్బూ రాదు. ఎకరాకు తక్కువ పిల్లలు వేసుకునే చిన్న రైతుకు ఇది మంచి పద్ధతి. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా 1997లోనే పండుగప్పను హేచరీలో పొదిగించింది. ఆ పిల్లలు చిన్నప్పుడే గుళిక నేర్చుకుంటాయి.

కొర్రమీనుకు ఇంకా పని మిగిలి ఉంది. వానలు పడ్డాక చెరువు గట్టు పక్క గడ్డిలో ఎర్రగా బంతిలా సుడి తిరిగే పిల్లల గుంపును, వాటి కింద కాపలా కాసే తల్లిదండ్రులను చూసే ఉంటారు. చాలాచోట్ల ఆ గుంపునే వలతో ఎత్తి సీడుగా అమ్ముతున్నారు. ఆ పిల్లకు కదిలేది తప్ప తిండి అని తెలియదు. దాన్ని కొన్నవాడు కాలవ చేపకు కట్టుబడిపోతాడు. వేలెడు కాకముందే పిల్లలకు ఉడికించిన చేపముద్దలో గుళికపొడి కలిపి పెడుతూ, రోజురోజుకూ పొడి వాటా పెంచుతూ పోతే కొన్ని వారాల్లో తేలే గుళికకు అలవాటు పడతాయి. అదే సమయంలో పెద్దవాటిని, చిన్నవాటిని వేరు చేస్తూ ఉండకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. ఇది ఒక్కో రైతు తన తొట్టిలో చేసుకునే పని కాదు. మత్స్యశాఖ సీడు కేంద్రాలు చేసి ఇవ్వాల్సిన పని. కార్పు సీడు పంపిణీకి పెట్టే శ్రద్ధలో కొంత ఇటు పెట్టినా చాలు.

అప్పటిదాకా కొర్రమీను వేయబోయే ప్రతి రైతుకూ నా మనవి ఒకటే. సీడు కొనేటప్పుడు సైజు, ధరతోపాటు ఈ పిల్లలు గుళిక తింటున్నాయా అని అడగండి. తింటున్నాయంటే మీ ముందే తొట్టిలో గుప్పెడు గుళికలు చల్లించి, అవి పైకి వచ్చి తినడం కళ్లారా చూశాకే డబ్బు చెల్లించండి.